రాజ్యాంగంలో రాసి లేని హక్కును కోర్టు ఎలా ఇస్తుంది?

‘చదువుకునే హక్కు 1993లోనే వచ్చిందంటారు, రాజ్యాంగంలో చేర్చింది మాత్రం 2002లో. మధ్యలో అది ఎక్కడుంది?’ అని మీలో ఒకరు అడిగారు. రాజ్యాంగం 21వ అధికరణంలో ఉంది.

ఆ అధికరణం చాలా చిన్నది. చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ, వ్యక్తిగత స్వేచ్ఛనూ హరించకూడదు అంటుంది, అంతే. 1950లో ఎ.కె.గోపాలన్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని అక్షరాలా చదివింది: చట్టమంటూ ఒకటి ఉంటే చాలు, అది న్యాయంగా ఉందా లేదా అన్నది మేం చూడం అని. 1978లో మేనకా గాంధీ పాస్‌పోర్ట్ కేసులో ఆ భాష్యం మారింది. పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాల్సిందే అంది కోర్టు. అధికరణంలో ఒక్క అక్షరం మారలేదు, అర్థం మాత్రం మారిపోయింది.

మీరడిగిన 1993 తీర్పు మన దగ్గరి కేసే: ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. అసలు గొడవ ప్రైవేటు మెడికల్, ఇంజనీరింగ్ కాలేజీల క్యాపిటేషన్ ఫీజుల (సీటు కోసం అదనంగా గుంజే సొమ్ము) గురించి. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి తెలుగువారే. చదువు లేకుండా గౌరవంగా బతకడం కుదరదు కాబట్టి 14 ఏళ్ల దాకా విద్య 21వ అధికరణంలోనే ఇమిడి ఉందన్నారు. ఆదేశిక సూత్రాల్లోని (ప్రభుత్వానికి మార్గదర్శకాలే తప్ప, కోర్టు ద్వారా అమలు చేయించుకోలేనివి) 45వ అధికరణాన్ని తోడు తెచ్చుకున్నారు. 14 ఏళ్ల దాకా పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్య అందించాలన్నది అందులోని మాట. పదేళ్లలో అమలు కావాలని రాసుకున్నది, నలభై ఏళ్లు దాటినా అలాగే ఉండిపోయింది! ఆ తర్వాతే పార్లమెంటు 86వ సవరణతో, విద్యను ప్రాథమిక హక్కు చేసే 21ఎ అధికరణాన్ని చేర్చింది.

జడ్జీలు ఇలా చదవడం హద్దు దాటడమే అనేవాళ్లూ ఉన్నారు. ఫీజుల విషయంలో ఆ విమర్శ కొంత నిజమే అనిపిస్తుంది. ఆ తీర్పులో ప్రైవేటు కాలేజీల ప్రవేశాలకూ ఫీజులకూ కోర్టే పెట్టిన స్కీమును 2002లో 11 మంది జడ్జీల ధర్మాసనమే పక్కన పెట్టింది. విద్యాహక్కు మాత్రం నిలిచింది.