పడవలో పెద్దరికం ఎవరిది?

ఈ నెల తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలలో చాలా వరకు ఒకే విషయం గురించి ఉన్నాయి. సెలవు రోజుల్లో చెరువుల మీద, పులికాట్ సరస్సు మీద సరదాగా పడవ షికారుకు వెళ్ళే క్లబ్బుల్లో జరుగుతున్న చిన్నాపెద్దా ప్రమాదాలు, వాటి వెంట వచ్చే మాటపట్టింపులు వాటిలో కనిపించాయి. కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా క్లబ్బులో ఎక్కువమందిమి ఒకే కాలనీవాళ్ళం. ఇటీవల చెరువులో షికారుకు వెళ్ళినప్పుడు మాలో ఒక పెద్దాయన, విశ్రాంత అధికారి, అందరినీ ఒక పక్కకు జరగమని చెప్పి తాను లేచి నిలబడి ఫొటో తీయబోయారు. పడవ నడుపుతున్న కుర్రవాడు ‘కూర్చోండి సార్’ అన్నాడు గానీ గట్టిగా చెప్పలేకపోయాడు. పడవ బోల్తా పడింది. ఒడ్డు దగ్గరే కనుక అందరం బయటపడ్డాం. మా ఆడపడుచు మెడలోని గొలుసు నీళ్ళపాలైంది. తప్పంతా ఆ కుర్రవాడిదేనని తేల్చి కమిటీ అతన్ని పడవ ముట్టుకోవద్దంది. జరిగింది చెబుదామంటే ‘పెద్దాయనతో మనకెందుకు’ అని మావారు వారిస్తున్నారు. నేనేం చేయాలి?
— ఒక సభ్యురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీరు చూసింది చూసినట్టు కమిటీకి చెప్పండి. కాగితం మీద రాసి ఇస్తే ఇంకా మంచిది. ఆ అబ్బాయి పరువుతో పాటు, రేపు అదే పడవ ఎక్కబోయేవారి ప్రాణాలు కూడా మీ మాట మీద ఆధారపడి ఉన్నాయి.

పడవ ఎందుకు తిరగబడిందో ముందు మీ సభ్యులందరికీ అర్థం కావాలి. మనుషులు కూర్చుని ఉన్నంతసేపు వారి బరువు పడవ అడుగుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి అది కొంచెం ఒరిగినా మళ్ళీ నిలదొక్కుకుంటుంది. ఒకరు లేచి నిలబడితే ఆ బరువు పైకి జరుగుతుంది. మిగిలినవారు కూడా ఒకే పక్కకు చేరితే ఆ పక్క అంచు నీటిమట్టానికి దిగిపోతుంది. అంచు దాటి లోపలికి వచ్చిన నీరు ఒరిగిన వైపుకే చేరి పడవను మరింత ఒరిగిస్తుంది. ఇదంతా క్షణాల్లో జరిగిపోతుంది కనుక, ఎంత నేర్పరి నడుపుతున్నా అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు. ఆ అబ్బాయి చేయవలసిన హెచ్చరిక చేశాడు. అతని మాట చెల్లలేదు, అంతే.

వయసుకూ హోదాకూ మనం ఇచ్చే గౌరవం మంచిదే, దాన్ని వదులుకోమని నేను అనను. అయితే పడవ ఒడ్డు విడిచిన క్షణం నుంచి తిరిగి ఒడ్డు చేరేవరకు నడిపేవాడిదే పెద్దరికం. అతను కాలేజీ కుర్రవాడు కావచ్చు, ఎక్కినవారు ఎంతటివారైనా కావచ్చు. తుంగభద్ర మీద పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) నడిపే మనిషి ‘కదలకుండా కూర్చోండి’ అంటే ఊరి పెద్దలు కూడా కదలకుండానే కూర్చుంటారు. చదువుకున్నవాళ్ళం, క్లబ్బులు పెట్టుకున్నవాళ్ళం ఆ మాత్రం క్రమశిక్షణ పాటించలేకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తోంది. 2017 నవంబర్ 12న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద కృష్ణా నదిలో పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది ఒంగోలు నుంచి విహారానికి వచ్చిన వాకర్స్ క్లబ్బు సభ్యులు, వారి కుటుంబాలవారు. రోజూ పలకరించుకునే మనుషులు, మీలాగే ఒక సెలవు రోజున కలిసి బయలుదేరినవారు. అనుమతి లేని ఆ పడవను వద్దని వారించి ఆపగలిగినవారు ఆ రోజు లేకపోయారు. మీ కమిటీ సమావేశంలో ఈ సంగతి తప్పక చెప్పండి.

ఇక పెద్దాయన విషయం. నలుగురిలో నిలదీస్తే ఆయన పట్టుదలకు పోతారు, క్లబ్బు రెండు వర్గాలవుతుంది. మీవారు, ఆయన ఈడువారు మరొకరు కలిసి ఆయన ఇంటికి వెళ్ళి, పడవలో ఎవరూ నిలబడకూడదనీ నడిపేవారి మాటే చివరి మాటనీ ఒక నియమాన్ని ఆయననే ప్రతిపాదించమని అడగాలి. అలా అయితే ఆయన గౌరవానికి లోటు రాదు, కుర్రవాడికి న్యాయం జరుగుతుంది. ఆయన ఒప్పుకోకపోయినా మీరు రాసి ఇవ్వడం మాత్రం మానవద్దు. గొలుసు నష్టాన్ని ఆ అబ్బాయి మీద వేయడం ధర్మం కాదు. నగలు పెట్టుకుని పడవ ఎక్కడం ఎవరి పూచీ మీద వారు చేసే పని.

ప్రశ్న: మా అబ్బాయికి ఈత బాగా వచ్చు. లైఫ్ జాకెట్ వేసుకోమంటే స్నేహితుల ముందు నామోషీ అంటాడు. క్లబ్బులో పెద్దలే జాకెట్లను బల్లల మీద పరుచుకుని కూర్చుంటున్నప్పుడు వాడికి ఎలా నచ్చజెప్పాలి?
— ఒక తల్లి, చంద్రగిరి

జవాబు: మొదట ఆ పెద్దలకు నచ్చజెప్పాలి. జాకెట్ లోపలి ఫోమ్ మీద పదేపదే కూర్చుంటే అది నలిగి అణగిపోతుంది, తేల్చే శక్తి తగ్గిపోతుంది. అంటే వారు తమ ప్రాణాధారాన్నే పాడుచేసుకుంటున్నారు.

మీ అబ్బాయి ఈత నేర్చుకున్న నీళ్ళు వేరు, చెరువు నీళ్ళు వేరు. మన వైపు చెరువుల్లో వేసవిలో మట్టి తవ్వుకుపోయిన గుంతలు వానాకాలం నీళ్ళు నిండాక పైకి కనిపించవు. మోకాలి లోతులో నడుస్తున్నవాడు మరో అడుగుతో మునిగిపోవచ్చు. తామర తూడులు, గుర్రపుడెక్క వేళ్ళు, వదిలేసిన చేపల వలలు కాళ్ళకు చుట్టుకుంటాయి. పడవ తిరగబడేటప్పుడు దాని అంచు తలకు తగిలితే ఎంతటి ఈతగాడైనా స్పృహ తప్పుతాడు. స్పృహ లేనివాడికి ఈత రాదు గదా.

జాకెట్ మీద న్యూటన్లలో ఒక అంకె ఉంటుంది, అది నీళ్ళలో తేల్చే శక్తికి కొలత. 50 అని ఉన్నది ఈత వచ్చినవారికి, ఒడ్డుకు దగ్గరలో, సాయం అందుబాటులో ఉన్నచోట మాత్రమే పనికివస్తుంది. 100 అని ఉన్నది ప్రశాంతమైన నీళ్ళలో స్పృహ లేని మనిషిని కూడా వెల్లకిలా తిప్పి ముఖం పైకి ఉంచేలా తయారవుతుంది. కొనే ముందు వేసి, పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వస్తే అది మీవాడి కొలత కాదు. చిన్నపిల్లలకైతే కాళ్ళ సందు నుంచి వచ్చే పట్టీ ఉన్నదే తీసుకోవాలి. చీర కట్టుకుని పడవ ఎక్కే మహిళలు కొంగును జాకెట్ లోపలికి దోపుకుని ఆపైన పట్టీలు బిగించుకోవాలి.

ప్రశ్న: స్నేహితుడి కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) అడిగి తీసుకెళ్తే, నీళ్ళు తగ్గిన చోట రాయికి తగిలి అడుగున పగిలింది. వాడు ‘పరవాలేదురా’ అన్నాడు. ఊరుకోవచ్చా?
— పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఊరుకోవద్దు. ఆయన మొహమాటానికి అన్న మాట అది. మీరే బాగుచేయించి ఇవ్వండి. అది ఫైబర్‌దైతే రెజిన్‌తో అతుకు వేయవచ్చు గానీ, పాలిథిన్ ప్లాస్టిక్‌దైతే ఆ అతుకు నిలవదు, వేడితో ప్లాస్టిక్ వెల్డింగ్ చేయించాలి. బాగుపడని పక్షంలో ఖర్చులో మీ వంతు ఎంతో ఆయన చేత చెప్పించుకోకుండా మీరే ముందు చెప్పండి.

ప్రశ్న: క్లబ్బు షికారు అంటే మగవాళ్ళు తెడ్లు పట్టుకోవడం, మేము పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్ళడం. యాభై దాటిన నేను పడవ నడపడం నేర్చుకుంటానంటే నవ్వుతున్నారు.
— ఒక గృహిణి, శ్రీకాళహస్తి

జవాబు: తప్పక నేర్చుకోండి. తెడ్డు వేయడానికి కావలసింది భుజబలం కన్నా నడుము తిప్పే ఒడుపు. దానికన్నా ముందు నడుములోతు నీళ్ళలో, జాకెట్ వేసుకుని, తెలిసినవారు పక్కన ఉండగా పడవను కావాలనే బోల్తా కొట్టించుకుని బయటపడడం, దాన్ని వదలకుండా పట్టుకుని తేలడం సాధన చేయండి. పడవ ఎక్కే ప్రతి మహిళకూ ఇది తెలిసి ఉండాలని నా గట్టి కోరిక.

ప్రశ్న: చెన్నై నుంచి మా వియ్యాలవారు వస్తే పులికాట్‌లో పడవ షికారుకు తీసుకెళ్ళాలనుకున్నాం. పడవవాడు ఎనిమిది మందినే ఎక్కిస్తానంటే, మేము పిల్లలతో పదముగ్గురం, ‘సర్దుకుంటాం’ అని వియ్యంకుడుగారు పట్టుబట్టారు. కాదనలేక సర్దుకున్నాం, ఏమీ కాలేదు. మళ్ళీ వస్తున్నారు.
— ఒక పాఠకుడు, సూళ్ళూరుపేట

జవాబు: ఈసారి ముందే రెండు పడవలు మాట్లాడి ఉంచండి. అడగడం, కాదనడం అన్న ప్రసక్తే రాదు. 2011 డిసెంబర్ 25న పులికాట్ సరస్సులోనే, తమిళనాడు వైపు, క్రిస్మస్ సెలవుకు షికారుకు వెళ్ళిన 22 మంది పడవ మునిగి చనిపోయారు. వారికి లైఫ్ జాకెట్లు లేవు. పులికాట్ చాలాచోట్ల లోతు తక్కువే అయినా, గాలి లేస్తే తక్కువ లోతులోనే పొట్టి అలలు ఒకదాని వెంట ఒకటి విడవకుండా లేస్తాయి; బరువుకు అంచు కిందికి దిగిన పడవలోకి అవే నీళ్ళు కొట్టుకొస్తాయి. అడుగున బురద కాళ్ళను పట్టేస్తుంది కనుక లోతు లేదన్న ధీమా పనికిరాదు. గాలి పెరగక ముందే, ఉదయం పూటే వెళ్ళి రండి. వియ్యాలవారి మాట కాదనడం మన ఇళ్ళల్లో ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఆ మాట మీరు అనకుండా పడవవాడి చేత అనిపించండి, మీరు అతని పక్షాన నిలబడండి.

ప్రశ్న: మా క్లబ్బులో ఒకతను మునిగితే బయటికి లాగి, బోర్లా పడుకోబెట్టి పొట్ట నొక్కి నీళ్ళు కక్కించారు. బతికాడు. ఇది సరైన పద్ధతేనా?
— ఒక ఉపాధ్యాయుడు, పలమనేరు

జవాబు: కాదు. మునిగినవారికి ప్రాణాపాయం ఊపిరి అందకపోవడం వల్ల వస్తుంది, పొట్టలోని నీళ్ళ వల్ల కాదు. పొట్ట నొక్కినా, తలకిందులుగా పట్టుకుని తిప్పినా కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, విలువైన సమయమూ పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి ఊపిరి ఆడుతున్నదేమో చూడాలి. ఆడకపోతే తల కొద్దిగా వెనక్కి వంచి, ముక్కు మూసి, ముందుగా నోటితో ఊపిరి ఊదాలి. ఆ తర్వాత ఛాతీ నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో 30 సార్లు నొక్కడం, 2 సార్లు ఊదడం, ఇలా సాయం వచ్చేదాకా ఆపకుండా చేయాలి. ఇంకొకరు వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఊపిరి ఆడుతూ స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. కాపాడబోయేవారు నీళ్ళలోకి దూకకుండా ముందు తాడో, తెడ్డో, ఖాళీ ప్లాస్టిక్ డబ్బానో అందించాలి. తేరుకున్నవారిని కూడా ఆసుపత్రిలో కొన్ని గంటలు పరిశీలనలో ఉంచాలి, ఎందుకంటే ఆయాసం ఆలస్యంగా మొదలు కావచ్చు. మీ సభ్యుణ్ణి అలా తీసుకువెళ్ళినట్టు మీరు రాయలేదు. అతనికి ఇప్పటికీ దగ్గు, జ్వరం, ఆయాసం వంటివి ఏమైనా ఉంటే ఈ రోజే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళండి.