మాట మీద నిలబడాలనుకుంటున్న మా తమ్ముడి కొడుక్కి

బిడ్డా,

దసరాకు వచ్చినప్పుడు నువ్వు అడిగిన ప్రశ్నకు నలుగురి మధ్యలో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "పెద్దబాపూ, మనిషి బుద్ధి నిజంగా మారుతదా, లేకుంటే మారినట్టు అనుకుని మనల్ని మనమే మోసం చేసుకుంటమా?" అని అడిగావు. మారుతుంది. ఎంతవరకు మారుతుంది, ఏం చేస్తే మారుతుంది, ఏది మారదు అన్నది తీరుబడిగా రాస్తున్నాను. పొడుగైందని విసుక్కోకుండా దుకాణం కట్టేశాక చదువు.

ముందు నీ మీద పడ్డ ముద్ర సంగతి. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అని మీ నాయనమ్మ మొదలుకొని మీ మేనమామ దాకా అందరూ నీ మొహం మీదే అన్నారు, వినీ వినీ నువ్వూ నమ్మావు. చదువుకున్నవాళ్లు కూడా చాలాకాలం దాదాపు ఇదే చెప్పారు. అమెరికా మానసిక శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1890లోనే, ముప్పై వచ్చేసరికి మనిషి స్వభావం ప్లాస్టర్‌లా గట్టిపడుతుందని, ఇక మెత్తబడదని రాశాడు. ఆ తర్వాత ఒకే మనుషులను ఏళ్ల తరబడి వెంబడించి, వాళ్ల స్వభావాన్ని మళ్లీ మళ్లీ కొలిచి చూసిన పరిశోధనలు చాలా వచ్చాయి. అటువంటివి 92 ఒక్కచోట చేర్చి 2006లో లెక్క కడితే, బాధ్యతగా నడుచుకోవడం, మనసు నిలకడగా ఉండడం వయసుతోపాటు పెరుగుతాయని, అందరూ అనుకునే టీనేజీలో కంటే ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్యలోనే ఎక్కువ మార్పు వస్తుందని తేలింది. నీకు ముప్పై ఒకటి. ఆలస్యమైందన్న బెంగ పెట్టుకోకు.

"అంతా తాత పోలిక" అన్న మాట కూడా మనింట్లో బాగా నడుస్తుంది. అందులో నిజం లేకపోలేదు. కవలల మీద చేసిన పరిశోధనలను బట్టి, స్వభావం విషయంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో దాదాపు సగం వారసత్వం వల్ల వస్తుంది. దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. నీలో సగానికి తాళం వేసేశారని దాని అర్థం కానేకాదు. ఒకడికి తొందరగా కోపం వస్తుంది, ఇంకొకడికి ఆలస్యంగా వస్తుంది, ఆ మొదటి అడుగులో తేడా పుట్టుకతో ఉంటుంది. కోపం వచ్చాక ఏం చేస్తాడన్నది చాలావరకు అలవాటు, అలవాటును మార్చుకోవచ్చు.

ఇప్పుడు అసలు నీ సంగతి. అందరూ నిన్ను బద్ధకస్తుడంటారు, నేను మాత్రం ఒప్పుకోను. తెల్లవారకముందే ఎనుమాముల మార్కెట్ యార్డుకు పోయి, రైతులు అమ్మకానికి తెచ్చిన బస్తాలు దింపించేవాడికి బద్ధకం ఎక్కడిది? నేను గమనించింది వేరే. కాంటా అయ్యి, తూకం, ధర రాసిన తక్‌పట్టీ చేతికొచ్చిన రైతు "సావుకారీ, పైసలెప్పుడు?" అని అడుగుతాడు. సరుకు కొన్న ఖరీదుదారు నుంచి డబ్బు రావడానికి ఇంకా రెండు మూడు రోజులు పడుతుందని నీకు తెలుసు, తెలిసి కూడా "రేపు పొద్దున రా" అంటావు, ఎందుకంటే ములుగు అవతలి నుంచి వచ్చిన ఆ ముసలాయన మొహం చిన్నబోతే నువ్వు చూడలేవు. ఆయన మర్నాడు కిరాయి పెట్టుకుని మళ్లీ వస్తాడు, నువ్వు ఫోన్ ఎత్తవు. ఇంట్లోనూ ఇదే వరుస. పిల్ల ఫీజు కట్టావా అని కోడలు అడిగితే కట్టిన అంటావు, సాయంత్రంలోపు కట్టేద్దామన్న ఉద్దేశంతోనే అంటావు, అది అట్లాగే ఉండిపోతుంది.

అంటే నీ అసలు గుణం ఎదుటివాళ్లను నొప్పించలేకపోవడం. మాట తప్పడం దాని వెనక వస్తున్నది. ఈ రెండూ విడదీసి చూడు బిడ్డా, ఎందుకంటే "నేను మొత్తం మారిపోవాలి" అని కూర్చునేవాడికి ఎక్కడ పట్టుకోవాలో తెలియదు, నాలుగు రోజులు ఆయాసపడి వదిలేస్తాడు. నీ మెతకదనాన్ని తీసేసుకోవాలని చూడకు. నర్సంపేట, పరకాల రైతులు మీ బాపును చూసి భయపడతారు, నిన్ను చూసి చెప్పుకుంటారు. అది పోతే నీ దుకాణానికి ఇంకేం మిగులుతుంది? మీ బాపులాగా గొంతు పెంచి మాట్లాడటం నేర్చుకోవాలని అనుకుంటున్నావట, గుమస్తా చెప్పాడు. ఆ ఆలోచన మానుకో.

హన్మకొండలో బీఈడీ కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్లూ నేను కళ్లారా చూసిన మార్పు ఒకటుంది. తల ఎత్తి మాట్లాడలేని పిల్లలు ఎంతోమంది వచ్చేవారు. టీచింగ్ ప్రాక్టీస్ కోసం హైస్కూల్‌కు పంపితే మొదటి వారం నల్లబల్లతోనే మాట్లాడేవారు, పిల్లల వైపు తిరిగేవారే కారు. రోజూ అదే గంటకు, అదే క్లాసులో నిలబడాల్సి వచ్చేసరికి నెమ్మదిగా గొంతు వచ్చేది. పరకాల వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి ఇప్పుడు హెడ్మాస్టర్‌గా చేస్తోంది, వెయ్యి మంది ముందు మైకు పట్టుకుని మాట్లాడుతుంది. కానీ పెళ్లిళ్లలో కలిస్తే ఇప్పటికీ ఒక మూల కుర్చీ చూసుకుని కూర్చుంటుంది. ఆమె మారలేదనాలా? మారింది. తనకు ముఖ్యమైన పనిలో మారింది, మిగతా చోట తనలాగే ఉంది. నువ్వు కోరుకోవాల్సింది అంతే. ఇంకో మాట, స్వభావానికి ఎదురుగా పని చేస్తే ఒళ్లు అలసిపోతుంది. రోజంతా జనంతో గట్టిగా మాట్లాడిన నెమ్మది మనిషికి సాయంత్రం కాసేపు ఒంటరిగా ఉండే చోటు కావాలి. నువ్వు యార్డు నుంచి నేరుగా ఇంటికి పోయి పిల్లల గోలలో పడకుండా, అరగంట భద్రకాళి చెరువు బండ్ మీద నడిచి పో. కోడలికి కారణం చెప్పి మరీ పో.

ఏం చేస్తే మారుతుందన్నది ఇప్పుడు చెప్తాను, ఇదే అన్నిటికంటే ముఖ్యం. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో, తమ స్వభావం మార్చుకోవాలనుకున్న కాలేజీ విద్యార్థులకు 15 వారాలపాటు వారం వారం చిన్నచిన్న పనులు ఇచ్చారు. ఒప్పుకున్న పనులను నిజంగా చేసినవాళ్లు, చేసిన కొద్దీ మారారు. చేస్తామని ఒప్పుకుని చేయనివాళ్లకు ఆ ఒప్పుకోవడం వల్ల ఏమీ ఒరగలేదు. కోరుకుని ఒప్పుకోవడం ఒక్కటే సరిపోలేదన్నమాట. అందుకే హోటల్ హాల్లో రెండు రోజులు పెట్టే ఆ వ్యక్తిత్వ వికాసం క్లాసులకు డబ్బు కట్టొద్దని నీకు అంత గట్టిగా చెప్పాను. రెండు రోజులు ఒళ్లు పులకరిస్తుంది, మూడో రోజు యార్డులో అదే రైతు, అదే ప్రశ్న, నీ నోటి నుంచి అదే జవాబు.

కాబట్టి ఆ ప్రశ్న దగ్గరే పట్టుకో. రైతు "ఎప్పుడు?" అనగానే నీ చెయ్యి చిట్టా మీదికి పోవాలి. నోరు తెరవకముందే చిట్టా తెరవాలి. పేరు, మొత్తం, ఇచ్చే తేదీ రాయి. రాసిన తేదీనే పైకి చదువు. "రేపు", "రెండు రోజుల్ల", "చూద్దాం" అన్న మాటలు యార్డులో నీ నోట రాకూడదు, తేదీ మాత్రమే రావాలి. రాయడానికి తేదీ దొరకకపోతే, అంటే ఖరీదుదారు నీకే తేదీ చెప్పకపోతే, "నాకింకా తేదీ చెప్పలేదు, చెప్పిన పూటే నీకు ఫోన్ చేస్త" అను. ఆ ముసలాయన మొహం చిన్నబోతుంది. చిన్నబోనివ్వు. అదే నీకు కష్టమైన చోటు, ఆ రెండు నిమిషాలు ఓర్చుకోవడం నేర్చుకోవడమే నువ్వు అడిగిన మార్పు. "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అని ముందే కట్టుకున్న నిర్ణయం, "ఇకనుంచి బాగుంటాను" అన్న ఒట్టు కంటే బాగా పనిచేస్తుందని ఎన్నో పరిశోధనలు చూపించాయి, నా అనుభవమూ అదే.

రెండో పని సాయంత్రానిది. షట్టర్ దించేముందు చిట్టాలో మర్నాటి తేదీ ఉన్న పేర్లు చూడు. ఇవ్వలేని పరిస్థితి ఉంటే వాళ్లు బస్సెక్కకముందే నువ్వే ఫోన్ చెయ్యి. డబ్బు ఆలస్యమైందన్న కోపం కంటే, పని మానుకుని వచ్చి ఉత్త చేతులతో పోయానన్న కోపం రైతుకు పదింతలు ఉంటుంది. ఈ రెండే. మూడోది పెట్టుకోకు. ఇంట్లో ఫీజులు, కరెంటు బిల్లులు, పొద్దున్నే లేచి వ్యాయామం చేయడం అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ నిలవదు. దుకాణంలో ఇది అలవాటయ్యాక అదే చిట్టా పద్ధతి ఇంటికి తెచ్చుకోవచ్చు.

ఎన్నాళ్లు పడుతుందని అడుగుతావు, తెలుసు. ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, నమ్మకు. లండన్‌లో 96 మంది మీద చేసిన పరిశోధనలో, రోజూ చేసే ఒక చిన్న పని ఆలోచించకుండా చేసే స్థాయికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని లెక్క వచ్చింది. అందులో నీకు పనికొచ్చే ముక్క ఇంకొకటుంది, మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏమీ చెడిపోలేదు. నువ్వేమో ఒక్కసారి తప్పగానే "చూసినవా, నేనింతే" అని మొత్తం వదిలేసే రకం. తప్పిన రోజున ఆ మాట అనుకోకుండా, మరుసటి రైతు దగ్గర మళ్లీ చిట్టా తెరువు, అంతే.

ఇక మనుషుల సంగతి. నువ్వు మారడం మొదలుపెట్టినా మీ బాపు, గుమస్తా, కోడలు ఇంకా చాలారోజులు నిన్ను పాత కళ్లతోనే చూస్తారు. నువ్వు చెప్పిన తేదీని గుమస్తా మళ్లీ ఒకసారి కనుక్కుంటాడు. ఫీజు కట్టానంటే కోడలు రసీదు అడుగుతుంది. కోపం తెచ్చుకోవద్దు. ఏళ్లపాటు తిన్న దెబ్బలకు వాళ్లు అట్లా జాగ్రత్తపడుతున్నారు, రసీదు చూపించు. 2021లో స్విట్జర్లాండ్ పరిశోధకులు దాదాపు 1,500 మందికి ఫోన్ యాప్ ద్వారా మూడు నెలలు ఇటువంటి సాధన చేయించారు. ఒక గుణాన్ని పెంచుకోవాలనుకున్నవాళ్లలో మార్పును ఇంట్లోవాళ్లు, స్నేహితులు కూడా గుర్తించారు, కానీ ఒక గుణాన్ని తగ్గించుకోవాలనుకున్నవాళ్లలో మార్పు బయటివాళ్లకు అంతగా కనిపించలేదు. దీన్నిబట్టి నాకు తోచింది చెప్తున్నా, "అబద్ధం చెప్పడం తగ్గించుకోవాలి" అని పెట్టుకోకు, "తేదీ చెప్పాలి" అని పెట్టుకో. చేసే పని ఎదుటివాళ్లకు కనిపిస్తుంది, మానేసిన పని ఎవరికీ కనిపించదు.

ఒక విషయం మాత్రం నిన్ను సూటిగా అడగాలి. నిద్ర సరిగ్గా పడుతోందా? ఫోన్ మోగితే గుండె దడ వస్తోందా? చిన్నప్పటి నుంచి ఏ పని మీదా మనసు నిలవక, వస్తువులు, తేదీలు మర్చిపోతూనే ఉన్నావా? ఇవి గట్టిగా ఉంటే అది స్వభావం అని సరిపెట్టుకోకూడదు, ఆందోళన గానీ, డిప్రెషన్ గానీ, ఏకాగ్రత లోపం గానీ కావచ్చు, వాటికి వైద్యం ఉంది. చికిత్స తీసుకున్నవాళ్ల స్వభావం ఎంత మారిందో 207 అధ్యయనాలు కలిపి 2017లో చూస్తే, కొన్ని వారాల్లోనే లెక్కించదగ్గ మార్పు కనిపించింది, అందులో ఎక్కువగా మనసు నిలకడలోనే. మానసిక వైద్యుడి దగ్గరికి పోవడానికి సిగ్గుపడకు, కావాలంటే నేను వెంట వస్తాను. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబర్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

మొదలుపెట్టేది ఎప్పుడో కూడా నేనే చెప్తున్నా. యార్డుకు పత్తి ఇప్పుడిప్పుడే వస్తోంది. ఫిబ్రవరిలో మిర్చి ముమ్మరమయ్యేసరికి నీ చేతిలో దాదాపు పదిహేను వారాలున్నాయి. మిర్చి రోజుల్లో ఊపిరి తీసుకోవడానికి టైం ఉండదు, ఆ టెన్షన్‌లో కొత్తగా ఏదీ నేర్చుకోలేవు, అప్పటికి చెయ్యి దానంతట అదే చిట్టా మీదికి పోతుండాలి. అందుకని ఈ సోమవారమే మొదలుపెట్టు. మీ బాపుకు ఇప్పుడే చెప్పకు, చెబితే రెండో రోజు నుంచే పరీక్ష పెడతాడు. గుమస్తాకు మాత్రం చెప్పు, తేదీ లేని పేరు చిట్టాలో కనిపిస్తే అక్కడికక్కడే నిన్ను అడగమను. ఆదివారం రాత్రి నాకు ఫోన్ చేసి ఆ వారం ఎన్ని తేదీలు రాశావో, వాటిలో ఎన్ని నిలిచాయో చెప్పు, మిగతా ముచ్చట్లు తర్వాత.

మీ పెద్దబాపు