నాన్నగారి ఫ్లాట్‌లో నానమ్మకూ వాటా ఉంది

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. మీ నాన్నగారు వీలునామా రాయకుండానే చనిపోయారు. బెంగళూరు మారతహళ్లిలో ఆయన తన జీతంతో కొన్న ఫ్లాట్ ఉంది, అపార్ట్‌మెంట్ సంఘంలో నామినీగా అమ్మగారి పేరు ఉంది, మీ పెళ్లి 2001లోనే అయింది కనుక మీకు వాటా రాదని అన్నయ్య అంటున్నారు. ఇవన్నీ వివరంగా రాసి, చివర్లో "నానమ్మ హిందూపురంలో బాబాయి దగ్గర ఉంటుంది" అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఈ వ్యవహారంలో ముందుగా పట్టించుకోవలసింది ఆ వాక్యాన్నే. మా ఇంట్లో దాన్ని పట్టించుకోలేదు, దాని ఫలితం ఏమిటో కింద రాస్తాను.

ముందు మీ వాటా సంగతి. అన్నయ్య ఎక్కడో విన్న మాట ఉమ్మడి కుటుంబ ఆస్తికి సంబంధించినది. హిందూ వారసత్వ చట్టానికి 1994 నాటి కర్ణాటక సవరణ కుమార్తెలకు అటువంటి ఆస్తిలో హక్కు ఇస్తూ, అప్పటికే పెళ్లయినవారిని మినహాయించింది (మీ పెళ్లి ఆ తర్వాతే అయింది). 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది. కానీ మీ ఫ్లాట్ స్వార్జితం, అంటే నాన్నగారు సొంత సంపాదనతో కొన్నది, కాబట్టి ఈ సవరణల చర్చ దానికి వర్తించదు. తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా 1956 హిందూ వారసత్వ చట్టం నుంచే ఉంది. ఆమె పెళ్లి ఎప్పుడైంది, అసలు అయిందా లేదా అన్నది అందులో ప్రశ్నే కాదు. నామినీ విషయం కూడా అంతే. 1984లో సర్బతీ దేవి కేసులో జీవిత బీమా గురించీ, 2023 డిసెంబరులో కంపెనీ షేర్ల గురించీ సుప్రీంకోర్టు చెప్పింది ఒక్కటే: నామినేషన్ వల్ల వారసుల హక్కు పోదు.

ఇక నానమ్మ. హిందూ పురుషుడు వీలునామా లేకుండా మరణిస్తే ఆస్తి మొదటి తరగతి వారసులకు సమానంగా చెందుతుంది. భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు బతికి ఉన్న తల్లి కూడా అదే తరగతిలో ఉంటుంది (తండ్రి మాత్రం రెండో తరగతిలోకి వెళ్తాడు, చాలామంది ఇక్కడే తికమక పడతారు). అందువల్ల మీ ఫ్లాట్‌లో అమ్మగారికి, అన్నయ్యకు, మీకు, నానమ్మకు తలా నాలుగో వంతు వస్తుంది. ఇది హిందూ కుటుంబాలకు వర్తించే లెక్క, ఇతర మతాల వారికి నియమాలు వేరు.

మా నాన్నగారు 2016లో పోయారు. రామమూర్తినగర్‌లో ఆయన కట్టించిన ఇల్లు మాకున్న ఏకైక ఆస్తి. వంశవృక్షం (వారసుల పేర్లు చూపే అధికారిక పత్రం) కోసం దరఖాస్తు రాసేటప్పుడు అమ్మ పేరు, నా పేరు, చెల్లెలి పేరు రాశాను. నానమ్మ ఆ సమయంలో మా ఇంట్లోనే, పక్క గదిలోనే ఉంది. ఆమె పేరు కూడా రాయాలన్న ఆలోచన నాకు రాలేదు, చుట్టుపక్కల ఎవరూ చెప్పలేదు. ఖాతా (ఇంటి పన్ను కోసం నగరపాలక సంస్థ ఉంచే ఆస్తి నమోదు) మా ముగ్గురి పేర్లకు మారింది, పని అయిపోయిందనుకున్నాం. పద్నాలుగు నెలల తర్వాత నానమ్మ మదనపల్లెలో బాబాయి ఇంట్లో కన్నుమూసింది.

2021లో అమ్మ మెట్లు ఎక్కలేని స్థితికి రావడంతో, ఆ ఇల్లు అమ్మి కింది అంతస్తులో ఏదైనా కొనాలనుకున్నాం. కొనుగోలుదారుకు రుణం ఇవ్వవలసిన బ్యాంకు తరఫు న్యాయవాది కాగితాలన్నీ చూసి ఒక్కటే అడిగారు: "మీ నాన్నగారు పోయిన నాటికి ఆయన తల్లి ఉన్నారా?" ఉన్నారని చెప్పగానే ఫైలు ఆగిపోయింది. నానమ్మకు చెందిన నాలుగో వంతు ఆమె మరణంతో ఆమె సంతానానికి వెళ్లిపోయింది. బాబాయికి, ఇద్దరు అత్తలకు ఇంటిలో తలా పదహారో వంతు వచ్చింది, మా నాన్నగారి తరఫున మిగిలిన పదహారో వంతు నాకూ చెల్లెలికీ కలిపి వచ్చింది. ఎనభై లక్షల ఇంటిలో పదిహేను లక్షల విలువైన భాగం మాది కాదని అప్పుడు తెలిసింది. మొదటి కొనుగోలుదారు వెళ్లిపోయారు. బాబాయి, పెద్దత్త హక్కు విడుదల పత్రం రాసిచ్చారు. చిన్నత్త తన ఐదు లక్షలు అడిగింది. దాని మీద మా అమ్మకూ ఆమెకూ మాటలు కూడా ఆగిపోయాయి. ఆమె అడిగింది తనకు చట్టం ఇచ్చిన సొమ్మేనని ఇంట్లో అందరికీ నచ్చజెప్పడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

నన్ను ఎక్కువగా బాధించేది ఆలస్యం కాదు. నానమ్మ తన చివరి ఏడాదిలో మందుల ఖర్చుకు కూడా బాబాయి ముందు చేయి చాచవలసి వచ్చింది, తనకు బెంగళూరులో ఒక ఇంటిలో నాలుగో వంతు ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కాబట్టి మీరు వంశవృక్షంలో నానమ్మ పేరు తప్పకుండా రాయించండి. తన వాటా ఉంచుకోవాలని ఆమె అనుకుంటే ఖాతాలో ఆమె పేరు కూడా చేర్పించండి. తన తర్వాత ఆ వాటా ఎవరికి చెందాలో ఆమె ఇద్దరు సాక్షుల ఎదుట వీలునామాలో రాయవచ్చు, ఆ వయసులో వైద్యుడి ధ్రువపత్రం జత చేస్తే తర్వాత వివాదం తగ్గుతుంది. వదులుకోవాలని ఆమె స్వయంగా అనుకుంటే రిజిస్టర్ చేసిన విడుదల పత్రం తప్పనిసరి, ఎందుకంటే వంద రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రాన్ని రిజిస్టర్ చేయించాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది. తెల్లకాగితం మీద వేలిముద్ర చెల్లదు. ఆమె బెంగళూరు దాకా రాలేకపోతే తన తరఫున మరొకరు ఆ పని చేసేలా హిందూపురం సబ్‌రిజిస్ట్రార్ ఎదుట అధికారపత్రం (పవర్ ఆఫ్ అటార్నీ) రాసి ధ్రువీకరింపజేసుకోవచ్చు, శరీర బలహీనత వల్ల కార్యాలయానికి కూడా వెళ్లలేనివారి విషయంలో అధికారి ఇంటికే వచ్చి విచారించే వీలు అదే చట్టంలో ఉంది.

అయితే న్యాయవాది దగ్గరకు వెళ్లేముందు మీరూ అన్నయ్యా కలిసి ఒకసారి హిందూపురం వెళ్లండి. ఫ్లాట్‌లో ఆమెకు నాలుగో వంతు ఉందని, దాని విలువ ఇంత అని, బాబాయి కూడా వినేలా స్పష్టంగా చెప్పి, ఆమె ఏమంటారో వినండి. ఏ పత్రం రాయించాలన్నది ఆమె మాట విన్న తర్వాతే తేల్చుకోండి.