అక్క కట్టు విప్పేలోపు డెక్సా స్కాన్ తీయించు

స్వాతీ,

మీ అమ్మ, అదే మా అక్క, మణికట్టుకు కట్టు వేయించామని, ఆరు వారాల్లో విప్పేస్తారని నిన్న ఫోన్‌లో చెప్పావు, కానీ నా టెన్షన్ అక్కడితో తీరలేదే. మేడ మీద నుంచి పడలేదు, బండి గుద్దలేదు, నిలబడ్డ చోట కాలు జారి చెయ్యి ఆనించింది, అంతే. ఆ మాత్రానికే విరిగిందంటే ఎముకలు లోపల గుల్లబారాయేమో చూడాల్సిందే. డాక్టరు ఆ మాట ఎత్తకపోతే నువ్వే ఎత్తు.

ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ రాయించు. పడుకోబెట్టి నడుముకి, తుంటికి తీస్తారు, నొప్పేమీ ఉండదు. రిపోర్టులో టీ స్కోర్ (ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ల ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.5 గానీ ఇంకా కిందకి గానీ ఉంటే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు అన్నట్టే. కాస్త మెరుగ్గా వచ్చినా ఊరుకోకు, ఇప్పటికే ఒకటి విరిగింది కాబట్టి మందు అవసరమో లేదో గట్టిగా అడుగు. క్యాంపుల్లో మడమకి మిషన్ పెట్టి చెప్పే లెక్కను నమ్ముకుని మాత్రం మందులు మొదలుపెట్టకండి.

ఇంకోటి, అక్కకి నలభై రాకముందే గర్భసంచి తీసేశారు కదా, అండాశయాలు కూడా తీశారేమో పాత కాగితాల్లో వెతుకు. తీసేస్తే ఎముకల్ని కాపాడే ఈస్ట్రోజన్ హార్మోను అప్పుడే పడిపోతుంది, ఎముక తరగడం కూడా అప్పుడే మొదలు. (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ఆపరేషన్లు మన రెండు రాష్ట్రాల్లోనే ఎక్కువ, తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.) ఆయాసానికి నెలల తరబడి మింగిన స్టెరాయిడ్ మాత్రలూ ఎముకల్ని గుల్ల చేస్తాయి, ఆ సంగతీ డాక్టరు దగ్గర దాచొద్దు.

ఎముక తరగకుండా ఇచ్చే అలెండ్రోనేట్ మాత్ర రాస్తే అసలు గొడవ అక్కడుంది. నేనూ వేసుకుంటున్నా, వారానికోసారి, ఆదివారం పొద్దున్నే. పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో, నమలకుండా మింగాలి, ఆ తర్వాత అరగంట నడుం వాల్చకూడదు, ఏమీ తినకూడదు, కాఫీ కూడా తాగకూడదు. మీ అమ్మ కళ్లు తెరవగానే కాఫీ అంటుంది, ఆ ఒక్కపూట డికాక్షన్ నువ్వే ఆలస్యంగా తియ్యి. కాఫీతో వేసుకుంటే మందు ఒంటికి పట్టదు, వేసుకుని పడుకుంటే అన్నవాహికలో పుండు పడుతుంది. కాల్షియం మాత్ర ఆ రోజు మధ్యాహ్నం భోజనంతోనే వెయ్యి, ఎలాగూ థైరాయిడ్ మాత్రకి, దానికి రోజూ నాలుగు గంటల తేడా ఉండాలి.

ఈ మాత్ర పడకపోతే ఏడాదికోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ అనే మందు నరానికి ఎక్కిస్తారు. ముందు కిడ్నీ పరీక్ష చేయించండి, విటమిన్ డి తక్కువుంటే సరిచేయించండి, పన్ను పీకించే పనుంటే అదీ కానిచ్చేయండి. ఆరు నెలలకోసారి ఇచ్చే ఎముకల ఇంజెక్షన్ డెనోసుమాబ్ మొదలుపెడితే మటుకు తేదీ దాటనివ్వొద్దు, మధ్యలో ఆపేస్తే వెన్నుపూసలు వరసగా కుంగిపోయే ప్రమాదం ఉంది.

రాగిజావ తాగించు, మంచిదే, వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. అలాగని జావ తాగుతున్నాం కదా అని మందు మానిపించకు.

బాత్రూమ్ గోడకి పట్టుకునే రాడ్డు ఈ వారమే బిగించు, అరిగిపోయిన ఆ హవాయి చెప్పులు అక్క చూడకుండా పారెయ్యి. స్కాన్ రిపోర్టు రాగానే వాట్సాప్‌లో పెట్టు.

మీ పిన్ని