పాతవాళ్లకు అన్యాయం చెయ్యకు

పర్లాకిమిడి

చిరంజీవి అల్లుడికి,

మీ మావయ్య ఆశీస్సులు. గుణుపురంలో మీ క్లబ్బు వార్షికోత్సవంలో "అన్ని కాలాల్లోకీ గొప్ప ఫుట్‌బాల్ ఆటగాడెవరు" అన్నదాని మీద ఒడియాలోనూ తెలుగులోనూ నువ్వే మాట్లాడతావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఛాతీ ఉప్పొంగింది, వెంటనే గుబులూ పుట్టింది. అక్కడ కూర్చునే వాళ్లలో సగం మంది మెస్సీ పక్షం, సగం మంది రొనాల్డో పక్షం. వీడియోలు సరిగ్గా లేని పాతవాళ్ల పక్షాన ఎవరుంటారు?

చిన్న పనులు ముందు. ఫార్వర్డ్‌ని, అంటే గోల్స్ కొట్టే ముందు వరుస ఆటగాణ్ని, ఫార్వర్డ్‌తోనే పోల్చు. నీ పట్టికలో గోల్స్ పక్కన మ్యాచ్‌ల సంఖ్య రాయి. వరల్డ్ కప్‌లలో జర్మనీ ఫార్వర్డ్‌లు క్లోజావి 16 గోల్స్, గెర్డ్ ముల్లర్‌వి 14. కానీ క్లోజా 24 మ్యాచ్‌లాడాడు, ముల్లర్ 13. ఫ్రెండ్లీ క్లబ్ మ్యాచ్‌ల గోల్స్‌ని వేరే గడిలో పెట్టు. పీలేకి వెయ్యి దాటాయంటారు కదా, వాటిలో అవీ ఉన్నాయి. బ్రెజిల్ జట్టుకి మాత్రం 92 మ్యాచ్‌ల్లో 77.

ఇక అందరూ చేసే తప్పు, నువ్వు చెయ్యకూడనిది: ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే బహుమతి బాలన్ డి ఓర్‌లు లెక్కపెట్టడం. మెస్సీకి 8, రొనాల్డోకి 5, పీలేకీ మారడోనాకీ సున్నా అని బోర్డు మీద రాస్తే పని అయిపోయిందనుకుంటారు. ఆ బహుమతి 1956లో మొదలైంది. 1994 దాకా యూరప్ పౌరులకే. 1995లో యూరప్ క్లబ్బుల్లో ఆడే అందరికీ తెరిచారు, ఆ ఏడే లైబీరియా వాడు జార్జ్ వేయా గెలిచాడు. నపోలీని 1987లో, 1990లో ఇటలీ ఛాంపియన్‌గా నిలిపిన మారడోనా అర్జెంటీనా పౌరుడు కాబట్టి పోటీలోనే లేడు. అర్జెంటీనాలోనే, బ్యూనస్ ఎయిర్స్‌లో పుట్టిన డి స్టెఫానో మాత్రం స్పెయిన్ పౌరసత్వం తీసుకుని 1957లో, 1959లో గెలిచాడు. అంటే ఆ సున్నా పాస్‌పోర్టుది, ఆటది కాదు. ఇది గట్టిగా చెప్పు.

కప్పుల లెక్కా అంతే. పీలే మూడు వరల్డ్ కప్‌లు గెలిచాడంటారు. 1962లో రెండో మ్యాచ్‌లోనే గాయపడ్డాడు, ఆ కప్పు మోసుకొచ్చింది అతని జట్టువాడే అయిన గారించా. 1966లో పోర్చుగల్ మీద ఒకే డిఫెండర్ వెంటవెంటనే రెండుసార్లు కాళ్ల మీదకి దూకినా రిఫరీ బయటికి పంపలేదు. సబ్‌స్టిట్యూట్‌లు లేని రోజులు, పీలే చివరిదాకా కుంటుతూనే మైదానంలో ఉన్నాడు. సబ్‌స్టిట్యూట్‌లూ, పసుపు, ఎరుపు కార్డులూ వరల్డ్ కప్‌లోకి వచ్చింది 1970లో. నీ పట్టికలో ఆ ఏడాది దగ్గర ఒక గీత గియ్యి. 1925 దగ్గర ఇంకో గీత: ఆఫ్‌సైడ్‌ కాకుండా ఉండాలంటే బంతి అందుకునేవాడికీ గోల్‌కీ మధ్య ముగ్గురు ప్రత్యర్థుల బదులు ఇద్దరు చాలన్నారు, గోల్ కొట్టడం తేలికైంది. 1927-28లో ఇంగ్లండ్ వాడు డిక్సీ డీన్ ఒకే లీగ్ సీజన్‌లో 60 గోల్స్ కొట్టాడు. 1992లో బ్యాక్‌పాస్‌ని, అంటే సొంత జట్టువాడు కావాలని కాలితో వెనక్కిచ్చిన బంతిని, గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదన్నారు, అక్కడ మూడో గీత. గీతకి ఇటూ అటూ ఉన్నవాళ్లని నేరుగా పోల్చకు. ఎవణ్నైనా ముందు తన కాలంలో రెండో స్థానంలో ఉన్నవాడితో పోల్చు.

నీకు కోపం ముక్కు మీదే ఉంటుంది నాయనా. ఎవరైనా ఈల వేస్తే ఆగు, నీళ్లు తాగు. చివర్లో మన హైదరాబాదు వాడు, భారత జట్టు కోచ్ రహీం గారి శిష్యులకి రెండు నిమిషాలు మిగుల్చు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ జట్టువాడే, పేరు తప్పక చదువు.

పట్టిక తయారవగానే పంపు, ఎర్ర పెన్నుతో దిద్ది వెనక్కి పంపుతాను.

మీ మావయ్య