ఆ తెల్లవారుజామున మీ కాళ్ళు ఎందుకు ఆగాయి?

ప్రశ్న: నా వయసు 28. పెళ్ళై రెండేళ్ళయింది. హైదరాబాద్‌లో ఉంటాం, ఇద్దరం ఉద్యోగస్తులమే. నాకు వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. పోయిన నెల విజయనగరంలో అమ్మావాళ్ళింటికి వెళ్ళి ప్రైవేటు బస్సులో తిరిగొచ్చాను. ఆరింటికి చేరుస్తామన్న బస్సు నాలుగున్నరకే మియాపూర్‌లో దించేసింది. దిగీ దిగగానే ఒకతను వచ్చి, నేను అడక్కుండానే నా బ్యాగు తీసుకెళ్ళి ఆటోలో పెట్టేశాడు. ఎంత అంటే వందే అన్నాడు. డ్రైవర్ సీటు పక్కన ఇంకొకతను కూర్చుని ఉన్నాడు. ఎవరని అడిగితే "మా తమ్ముడేలే అక్కా, దారిలో దిగిపోతాడు" అన్నాడు. కడుపులో తిప్పేసినట్టయింది, కాళ్ళు ముందుకు పడలేదు. బ్యాగు లాక్కుని ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర తెల్లారేదాకా నిలబడ్డాను. మావారు విని నవ్వారు, "పాపం, అతని బేరం పోగొట్టావు" అన్నారు. అమ్మ దేవుడే ఆపాడని మొక్కు తీర్చుకుంటానంటోంది. అప్పట్నుంచి ఏ ఆటో చూసినా గుండెదడ, రాత్రిళ్ళు నిద్ర లేదు. నాది అనుమానపు బుద్ధా? ఇంకొకటి, మావారి చిన్నాన్నగారు నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడే మా ఇంటికి వస్తుంటారు. ఆయనొచ్చినప్పుడూ కడుపులో అలాగే అవుతుంది. అదీ నా భ్రమేనేమో.
(పేరు రాయలేదు)

జవాబు: ఆ చివరి మాట దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందు ఆటో సంగతి చూద్దాం.

ఆ డ్రైవర్ మంచివాడో కాదో మనకి ఎప్పటికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. మీరు అతని మీద నేరం మోపలేదు. ఎక్కనన్నారు, అంతే. అతనికి పోయింది వంద రూపాయల బేరం.

ఆ నిమిషంలో మీ కళ్ళముందు ఏమేం ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. మీరు సరే అనకముందే బ్యాగు ఆటోలోకి వెళ్ళిపోయింది. తెల్లవారుజామున, సామానుతో, ఒంటరిగా దిగిన మనిషిని ఎవరైనా మామూలు కంటే ఎక్కువే అడుగుతారు, ఇక్కడ వందే అన్నారు. ఎక్కబోయే బండిలో ముందే ఇంకో మనిషి ఉన్నాడు, మీరు అడిగితే గానీ ఆ సంగతి చెప్పలేదు. ఈ మూడూ మీరు చూశారు. మాటల్లోకి రాకముందే అవి కడుపులోకి వచ్చేశాయి.

మెదడు అలాగే పనిచేస్తుంది. ఇన్నేళ్ళుగా మీరెక్కిన వందల ఆటోలు ఎలా ఉంటాయో దానికి తెలుసు. వాటితో పోలని తేడా కనపడగానే ముందు ఒంటిని ఆపుతుంది, కారణం తీరిగ్గా చెబుతుంది. అమెరికాలో గేరీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అగ్నిమాపక సిబ్బంది నిర్ణయాలు ఎలా తీసుకుంటారో పరిశీలించారు. ఆయన నమోదు చేసిన ఒక సంఘటనలో, ఇంటి వంటగదిలో మంట ఆర్పుతున్న బృందాన్ని వాళ్ళ అధికారి ఉన్నట్టుండి బయటికి రమ్మని కేకేశాడు. వాళ్ళు వచ్చేసిన వెంటనే అప్పటిదాకా నిలబడ్డ నేల కూలిపోయింది. అసలు మంట కింద నేలమాళిగలో ఉంది. తనకేదో అతీంద్రియ శక్తి ఉందనుకున్నాడు ఆ అధికారి. గుచ్చి గుచ్చి అడిగితే తేలింది వేరు: నీళ్ళు కొట్టినా మంట లొంగడం లేదు, గదిలో వేడి ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉంది, చప్పుడు తక్కువగా ఉంది. 1997లో నాడీ శాస్త్రవేత్త ఆంటోనియో డమాసియో బృందం ప్రచురించిన పేకముక్కల ప్రయోగంలోనూ ఇదే కనిపించింది. నష్టం తెచ్చే కట్ట వైపు చెయ్యి వెళ్తుంటే ఆటగాళ్ళ చేతుల్లో చెమట పెరిగేది, ఆ కట్ట చెడ్డదని వాళ్ళు చెప్పగలిగే దశకి ఇంకా రాకముందే.

అమ్మగారి మొక్కు అమ్మగారిది, తీర్చుకోనివ్వండి. మీరు మాత్రం ఇది మీ కళ్ళూ చెవులూ చేసిన పని అని గుర్తుపెట్టుకోండి. కన్ను అదిరిందనో, బల్లి పడిందనో ప్రయాణం మానుకోవడం వేరు. లోపలి హెచ్చరికకి ఎదురుగా ఒక కారణం ఉంటుంది. "ఇది ఎప్పుడు మొదలైంది, అప్పుడు ఏం మారింది?" అని అడిగితే సాధారణంగా జవాబు దొరుకుతుంది. మీ విషయంలో బ్యాగు కదిలినప్పుడు మొదలైంది. ఊరికే వచ్చే ఆందోళనకి అలాంటి మొదలు దొరకదు. అది ఇంట్లో మంచం మీద పడుకున్నా "ఏమవుతుందో, ఏమవుతుందో" అని తిరుగుతూనే ఉంటుంది. హెచ్చరిక మాత్రం ఒక పని చెబుతుంది: ఎక్కకు, దిగు, అటు వెళ్ళకు. ఆ చోటు దాటాక తగ్గుతుంది.

అయితే ఇది ఎప్పుడూ నిజమే చెబుతుందని నేననను. మాసిన బట్టలు, వేరే భాష, వేరే మతం, నల్లటి రంగు చూసి వచ్చే జంకుని కూడా మనం "ఏదో తేడాగా అనిపించింది" అనే అంటాం. చిన్నప్పట్నుంచీ విన్న మాటల వల్ల వచ్చేది అది. దాన్ని పట్టుకోవడానికి ఒక ప్రశ్న చాలు: ఇదే పని ఇస్త్రీ బట్టల్లో ఉన్న మనిషి చేస్తే నాకు ఇలాగే ఉంటుందా? లేదంటే ఆ భయాన్ని నమ్మొద్దు. అటు నుంచి కూడా అడగండి: ఈయన పెద్దమనిషిలా ఉన్నాడని నేను దేన్నైనా చూసీ చూడనట్టు వదిలేస్తున్నానా? ఆడవాళ్ళకి ఎక్కువ హాని చేసేది ఈ రెండో పొరపాటే.

హెచ్చరిక రావడం, దాన్ని విని కదలడం, ఈ రెండింటి మధ్యలో అడ్డుపడేది మొహమాటం. బ్యాగు పెట్టేశాడు కదా, కాదంటే ఏమనుకుంటాడో! ఎక్కేశాక దిగితే గొడవవుతుందేమో! చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మీరు ఆగలేదు. దీనికి ముందే తయారుచేసుకున్న ఒక్క వాక్యం ఉండాలి, "వద్దన్నా, మావాళ్ళు వస్తున్నారు" లాంటిది. అబద్ధమైనా ఫర్వాలేదు. కారణాలు చెప్పకండి. మీరు చెప్పే ప్రతి కారణానికీ అవతలివాళ్ళ దగ్గర ఒక సమాధానం ఉంటుంది, మాట పెరుగుతుంది, మీరు అక్కడే నిలబడిపోతారు. వద్దన్న తర్వాత కూడా పదే పదే బతిమాలడమో, కోప్పడటమో, "నన్ను నమ్మరా" అనడమో చేస్తే అక్కడితో మీ సందేహం తీరినట్టే.

ఇక తెల్లవారుజామున దిగడం గురించి. టికెట్ కొనేటప్పుడే ఆరు దాటాక చేరే బస్సు చూసుకోండి, రాత్రి ఇంకో గంట ఆలస్యంగా బయల్దేరేదైనా సరే. తొందరగా చేరిపోతే దీపాలున్న చోట, మనుషులున్న చోట దించమని అడగండి. మియాపూర్ నుంచి మెట్రో ఉదయం ఆరింటికి మొదలవుతుంది, అప్పటిదాకా టీ కొట్టో, బస్సు ఆఫీసో, పెట్రోలు బంకో మీకు చోటు. ఫోను, కొంత డబ్బు బ్యాగులో కాదు, ఒంటి మీద ఉండాలి. బ్యాగు కోసమే ఎక్కేవాళ్ళు, బ్యాగు కోసమే దిగలేకపోయేవాళ్ళు ఉంటారు. అవసరమైతే దాన్ని వదిలేసి నడిచెళ్ళిపోగలగాలి.

ఆటో అయితే ఎక్కేముందు నంబరు ఫొటో తీసి ఇంటికి పంపండి, డ్రైవర్‌కి కనిపించేలా తీయండి. ఎడమవైపు కూర్చోండి, చాలా ఆటోలకి కుడివైపు కమ్మీ ఉంటుంది, దిగడానికి వీలుండదు. క్యాబ్ అయితే తలుపు వేసే ముందే దాని అంచు చూడండి. వెనక తలుపు అంచున చైల్డ్ లాక్ మీట ఉంటుంది, అది వేసి ఉంటే లోపలి నుంచి తలుపు తెరుచుకోదు. తలుపు మూశాక ఆ మీట కనపడదు. తెలంగాణలో 100కి గానీ 112కి గానీ చేసి 8 నొక్కితే టీ-సేఫ్ అనే సేవ మీ ప్రయాణాన్ని గమనిస్తుంది, స్మార్ట్‌ఫోనే ఉండక్కర్లేదు. విజయనగరం వెళ్ళినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల శక్తి యాప్ ఉంది. ఫోన్‌లో పవర్ బటన్ నొక్కితే వెళ్ళే అత్యవసర కాల్ ఎన్ని నొక్కులకి పనిచేస్తుందో సెట్టింగ్స్‌లో ఈ రోజే చూసుకోండి, కొన్నిటిలో మూడు, కొన్నిటిలో ఐదు.

దారి మారిందనుకోండి. ఒక్కసారి గట్టిగా "ఇటెందుకు?" అని అడగండి. జవాబు నచ్చకపోతే "ఇక్కడ ఆపండి" అనండి, ఎందుకో చెప్పకండి. ఆపకపోతే 112 చేసి మొదట చోటు చెప్పండి, తర్వాత బండి నంబరు, తర్వాత విషయం, ఆఖర్న మీ పేరు. కాల్ మధ్యలో తెగినా పోలీసులకి ఎక్కడికి రావాలో తెలుస్తుంది. వేగంగా పోయే ఆటోలోంచి దూకితే తలకి దెబ్బ తగులుతుంది, సిగ్నల్ దగ్గరో స్పీడ్ బ్రేకర్ దగ్గరో నెమ్మదించగానే దిగి వెలుతురున్న చోటికి వెళ్ళండి.

మీవారికి ఒక మాట చెప్పాలి. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిని చంపేశారు. పోలీసులు చెప్పిన ప్రకారం నిందితులే ఆమె స్కూటర్ టైరులో గాలి తీసి, సాయం చేస్తామంటూ దగ్గరికి వచ్చారు. ఆమె చెల్లెలికి ఫోన్ చేసి భయంగా ఉందని చెప్పింది. ఆమె లోపలి హెచ్చరిక సరిగ్గానే పనిచేసింది. జరిగినదానికి ఆమెదీ, ఇంట్లోవాళ్ళదీ ఏ తప్పూ లేదు, తప్పు చేసినవాళ్ళదే. కానీ ఇంటి మనిషి "భయంగా ఉంది" అని ఫోన్ చేస్తే ఏం చెయ్యాలో మనందరం ముందే అనుకుని ఉండాలి. "ఏం కాదులే" అనకూడదు, ఫోన్ పెట్టకూడదు. ఆ కాల్ అలాగే ఉంచి, ఇంకో ఫోన్ నుంచి 112కి చేసి ఆమె ఉన్న చోటు చెప్పాలి. తర్వాత అది ఉత్తుత్తిదే అని తేలితే సంతోషించాలి, ఎగతాళి చెయ్యకూడదు. ఒకసారి నవ్వులపాలైన మనిషి రెండోసారి చెప్పదు.

నిద్ర గురించి: భయపడ్డ ఒంటికి కొన్ని వారాలు ఇలా ఉంటుంది. ఆటోల్ని పూర్తిగా మానేస్తే మాత్రం భయం పాతుకుపోతుంది. పట్టపగలు, తెలిసిన దారిలో, ఒక కిలోమీటరు, మొదట తోడుతో, తర్వాత ఒంటరిగా ఎక్కండి. దడ వచ్చినప్పుడు ఊపిరి నాలుగు అంకెలు పీల్చి, ఆరు అంకెలు వదలండి. నెల దాటినా పీడకలలూ దడా తగ్గకపోతే 14416కి, అంటే టెలీ మానస్‌కి చెయ్యండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు మీ చినమామగారి సంగతి.

బస్టాండులో ఉన్న తెలియనివాడి గురించి మీరు పది వాక్యాలు రాశారు, ఇంటికొచ్చే మనిషి గురించి మూడే రాసి, భ్రమేమోనన్నారు. జాతీయ నేర గణాంకాల్లో ఏటేటా అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళే. మీ కడుపు రెండు చోట్లా ఒకేలా స్పందించిందంటే, ఇక్కడా ఏదో చూసే ఉంటుంది. అదే ప్రశ్న వేసుకోండి: ఎప్పుడు మొదలైంది, అప్పుడు ఏం మారింది? మీరు ఇంటి నుంచి పనిచేసే రోజులు ఆయనకి ఎలా తెలుస్తున్నాయి? మీవారు ఉన్నప్పుడు ఎందుకు రారు? వచ్చాక ఎక్కడ కూర్చుంటారు, "కూతురిలాంటిదానివి" అంటూ భుజం మీద చెయ్యేస్తారా, మీరు వంటింట్లోకి వెళ్తే వెనకాలే వస్తారా? తేదీ, టైము, అన్న మాట, చేసిన పని ఫోన్‌లో రాసుకోండి. మూడు నాలుగు సార్లు రాశాక మీకే తెలుస్తుంది.

రుజువు చేతికొచ్చేదాకా తలుపు తెరిచి ఉంచక్కర్లేదు. తలుపుకి లోపలి గొలుసు బిగించుకోండి. ఆయనొస్తే గొలుసు తియ్యకుండా, "ఆయన ఇంట్లో లేరు మామయ్యగారూ, మీటింగులో ఉన్నాను, సాయంత్రం ఆయనుండగా రండి" అని తలుపు వేసెయ్యండి. మంచినీళ్ళు అడిగినా గొలుసు సందులోంచే ఒక సీసా ఇవ్వండి. ఇది అమర్యాదేమో అని మీకు అనిపిస్తుంది, అనిపించనివ్వండి. ఇప్పటికే లోపలికొచ్చి ముట్టుకుంటే "చెయ్యి తియ్యండి" అని పక్క ఫ్లాటుకి వినపడేలా అనండి. అలాంటి ఉద్దేశంతో ఒంటి మీద చెయ్యి వెయ్యడం భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్ కింద నేరం, ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా జైలు. బంధుత్వం దానికి మినహాయింపు కాదు. 181 మహిళా హెల్ప్‌లైన్, షీ టీమ్స్ ఇంట్లో జరిగే వేధింపులకీ పనికొస్తాయి.

మీవారికి చెప్పేటప్పుడు "నాకు అనుమానంగా ఉంది" అని మొదలుపెట్టకండి. ఆ మాట వినగానే చర్చ చినమామగారి మీద నుంచి మీ బుద్ధి మీదికి మళ్ళుతుంది. "ఈ నెలలో నాలుగుసార్లు వచ్చారు, నాలుగుసార్లూ మీరు లేనప్పుడే. నాకు ఇబ్బందిగా ఉంది. మీరు లేనప్పుడు రావద్దని మీరే ఆయనకి ఫోన్ చేసి చెప్పండి" అని రాసుకున్న తేదీలతో సహా చెప్పండి. ఆ ఫోన్ మీవారే చెయ్యాలి, మీరు కాదు. ఆయన కొట్టిపారేస్తే మీ అత్తగారికో, మీ అన్నయ్యకో, పక్కింటావిడకో, ఒక్క మనిషికైనా చెప్పి ఉంచండి, చినమామగారు వచ్చిన ప్రతిసారీ వాళ్ళకి ఒక మెసేజ్ పెట్టండి. మీవారికి ఎప్పుడు ఎలా చెప్పాలో ఆలోచించుకోవడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. తలుపు గొలుసుకి మాత్రం అంత టైము తీసుకోకండి, రేపు ఉదయమే తెచ్చి బిగించుకోండి.