జీపు పైపుల మీద చెయ్యేసే ముందు

చిరంజీవి అల్లునికి మామ దీవించి రాయునది.

మీ నాయన జీపు డీజిల్ పంపు, పైపులు నువ్వే విప్పి బాగు చేస్తానంటాండావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆయన పోయినాక దాన్ని పాతసామాన్లోళ్లకు తూకానికి వేస్తావేమో అనుకున్యా. సంతోషమే. అయినా రాత్రంతా నిద్ర పట్టలా.

ట్యాంకు అడుగున చేరిన నీళ్లు, మడ్డి దించెయ్. పగుళ్లిచ్చిన రబ్బరు పైపులు మార్చు, గాలి లాగేది అక్కడే. ఫిల్టర్లు కొత్తవి వెయ్. ఇంజనులోకి డీజిలు చిమ్మే ఇంజెక్టర్ల కింద రాగి వాషర్లు కూడా కొత్తవే. పాతవి తిప్పి వేసే పిసినారితనం వద్దు. పంపు దించేముందు దాని అంచుకూ ఇంజనుకూ కలిపి గీత గీసుకో, లేకుంటే డీజిలు చిమ్మే టైమింగు తప్పుతుంది. పంపును మాత్రం ఇంట్లో విప్పితే ఊరుకోను. లోపల డీజిలును తోసే కడ్డీ, ప్లంజరు, దాని చుట్టూ సందు 2, 3 మైక్రాన్లు. తలవెంట్రుకే 70 దాకా ఉంటుంది. మీ ఎర్రగుంట్ల సిమెంటు దుమ్ము ఒక్క రవ్వ చాలు, పంపు పోతుంది. టెస్టు బెంచి ఉండే పంపు షాపులో ఇచ్చెయ్.

నా భయం వేరే.

నేను షెడ్డులో చేసేటప్పుడు నాతోపాటు ఒక పిల్లోడుండేవాడు. మోత విని ఏ సిలిండరు తప్పుతాందో చెప్పేసేవాడు. ఒక లారీకి ఇంజెక్టర్ పైపు నట్టు దగ్గర ఆవిరి మాదిరి లేస్తాంది. ఇంజను ఆపకుండానే వాడు వేలితో తడిమినాడు. వేలి కొసన సూది గుచ్చినంత చుక్క. రక్తం కూడా రాలా. వేలు ప్యాంటుకు తుడుచుకొని నవ్వినాడు. 'పసుపు పెట్టుకో పో' అన్యాడు యజమాని. సాయంత్రానికి టీ గ్లాసు పట్టుకోలేకపోయినాడు. తెల్లారేసరికి అరచెయ్యి బిగుసుకొని నల్లబడింది. ఆసుపత్రిలో కోస్తే లోపలంతా డీజిలు. వేలు తీసేసినారు. మళ్లీ పానా పట్టినాడు గానీ, నట్టు బిగువు చేతికి తెలియడంలేదని ఏడ్చేవాడు.

టైరులో గాలి 30 పౌండ్లు. ఆ ఇంజెక్టర్ పైపులో డీజిలు ప్రెషరు 1,000 పౌండ్లు దాటే ఉంటుంది. కంటికి కనపడని బెజ్జంలోంచి వచ్చినా తోలు చీల్చుకొని పోతుంది. నొప్పి తర్వాతెప్పుడో వస్తుంది, అదే మోసం. లీకు యాడుందో చూడాలంటే అట్టముక్క దూరంగా పట్టు, చెయ్యి కాదు. బిగించాలంటే ఇంజను ఆపు. ఖర్మకాలి గుచ్చుకుంటే, నొప్పి లేకపోయినా ఆ నిమిషమే ఆసుపత్రికి పరుగెత్తు. 'డీజిలు ప్రెషరుతో లోపలికి ఎక్కింది' అని నోరు తెరిచి చెప్పు. చెప్పకుంటే చిన్న గాయమని కట్టు కట్టి పంపిస్తారు. మీ నాయన ఉండుంటే ఈ మాటలు నీ వీపు విమానం మోత మోగించి చెప్పేవాడు. నాకు నీ మీద చెయ్యి లేవదు.

ఫిల్టరు మీద స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొట్టి, బుడగలు పోయేదాకా గాలి తియ్యి. ఆ తర్వాత ఇంజెక్టర్ నట్లు వదులు చేసి సెల్ఫు కొట్టే పనుందే, అది నేను లేకుండా చేయొద్దు. ఆదివారం పొద్దున్నే రాయచోటిలో బస్సెక్కుతా. గువ్వలచెరువు కాడ ఆపితే కోవా తెస్తా. అంతలోపల రాగి వాషర్లు రెండు ఎక్కువే కొనిపెట్టు, ఒకటన్నా దొర్లి ఇంజను కిందికి పోకుండా ఉండదు. కళ్లద్దాలు కూడా. నల్లవి కాదు, తెల్లవి.